పదింటి మాత్ర

కమానుకు నరం బిగించి బతికినోడు
నరాల జబ్బంటే నవ్వినాడు.
కర్నూలు పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ తన వేలు తాకమంటే
ఆయప్ప వేలు దాని సుట్టూ
ఈగ మాదిరి తిరిగింది.
"నలభై ఏండ్లు దూది ఏకిన చెయ్యి తల్లీ,
ఆ అదురు యాడికి పోతాది" అన్న్యాడు.
నేనూ నవ్వితి.
తిరుగు బస్సులో ఎమ్మిగనూరు దాటేదాకా
ఇద్దరమూ నోరు తెరవలే.

అది ఐదేండ్ల మాట.
ఇప్పుడు ఆదోనిలో మా ఇంటి గడియారం
మాత్రల డబ్బాలో ఉండాది.
ఆరు, పది, రెండు, మళ్లా ఆరు.
పప్పన్నం మాత్రకు ఎడంగా పెట్టాల.
గడప కాడ కాళ్లు బండకు అతుక్కుంటాయి,
నడూ అంటే నడవడు,
సుద్దముక్కతో గీతలు గీసి
దాటు అంటే దాటుతాడు.
వీధి పిల్లోళ్లు తొక్కుడుబిళ్ల అనుకోని
ఆ గీతల మీద ఎగురుతారు.

ఊరందరికీ పరుపులు కుట్టిన మనిషి
మెత్తగుంటే పక్కకు తిరగలేడని
బల్ల మీద పండుకుంటాడు.
రాత్రికి మూడుసార్లు నేనే తిప్పాల.
నా నడుం సంగతి ఎవురూ అడగరు.
నేనూ అడగను.

పదింటి మాత్ర పనికి దిగేకి ముక్కాలు గంట.
దిగిందా,
మొగంలోకి మొగం వస్తాది.
మీసం దువ్వుకుంటాడు.
"బసమ్మక్కా, యార్డులో పత్తి ఏం పలికె?" అని
గోడ మీంచి అరుస్తాడు.
ఆ గంటన్నరే ఆయన్ని ఒంటిగా ఇడిసిపెట్టచ్చు.
అందుకే ఆ గంటన్నరే నేను ఇంట్లో ఉండను.
కరెంటు బిల్లు, రేషను, గ్యాసు,
ఎప్పుడన్నా గుర్తొస్తే నా బీపీ మాత్రలు.
నేనొచ్చేసరికి మందు దిగిపోతాంటాది.
"ఈ పొద్దు ఎంత బాగా మాట్లాడినాడో!" అంటారు అందరూ.
మంచి మొగుడు వీధికి.
బిగుసుకున్న భుజం, జారే చొంగ,
గిన్నెలో గిలగిలమనే చెంచా నాకు.

ఒకనాడు అన్నం పెడతా పెడతా
చెంచా గట్టిగా నూకినా.
పల్లుకు తగిలింది.
ఏమీ అనలే ఆయన.
అనేకి ఆ గంటలో గొంతుండదు.

రాత్రి బసమ్మక్క మెట్ల మీద కూసోని ఏడిస్తే
ఆమె ఓదార్చలే.
తమలపాకు ఈనె తీస్తా అనింది:
"మా అత్తను పక్షవాతంలో మూడేండ్లు ఎత్తిపోసినా,
నాకేం కొత్త దస్తగిరమ్మా.
తొమ్మిదింటి నుంచి పదిదాకా, మాత్రకు ముందు,
ఆ చెడ్డగంట నాకియ్యి.
బయటిపనులు అప్పుడు చేసుకో.
మంచిగంటకు ఇంట్లో ఉండు."

మర్సునాడు తొమ్మిదింటికి ఇల్లు ఇడిసినా.
నాలుగడుగులేసి, మూడుసార్లు ఎనక్కి చూసి,
ఏ బిల్లూ కట్టలే.
హోటలు బెంచీ మీద కూసోని
ఉగ్గాని, బజ్జి,
పొగలు పోతాండగానే తింటి.
నాలుక కాలింది.
నాలుక కాలి ఐదేండ్లయింది.

ముక్కాలు తక్కువ పదకొండుకు
ఇంట్లో ఆయనా, నేనూ.
ఏం మాట్లాడాలో తెలీలే.
కొత్తగా పెండ్లయినట్లుందని చెప్పను,
పెండ్లయినప్పుడు బాగానే కొట్లాడుకుంటాంటిమి.
ఆయనే సాప దిక్కు చూసి అడిగినాడు:
"నీ దిండేదే?"
చుట్టిన చీర చూపించినా.
"పరుపులోని పెండ్లానివి" అన్న్యాడు.
కొంతసేపటికి, "దూది ఎత్తకరా."

ఏకే కమాను ఎప్పుడో అమ్మేస్తిమి.
వేళ్లతోనే పింజినాడు,
దినానికి గంటన్నర, మందు ఉన్నంతసేపు.
చెయ్యి బిగిసిన నిమిషం దూది అక్కడే.
పదకొండు దినాలు పట్టింది.
కుట్టు నేనేసినా.

ఒక మూల గడ్డ, ఒక మూల ఖాళీ.
నలభై ఏండ్లల్లో ఆయన చేతిలో
ఇంత పనికిమాలిన దిండు రాలే.
ఆ గడ్డ నా చెవి కింద గుచ్చుకుంటాది.
రాత్రి మూడుసార్లు లేచేది లేచేదే,
ఆయన్ని పక్కకు తిప్పేది తిప్పేదే.
మళ్లా వచ్చి
ఆ గడ్డ యాడుందో తడుముకోని
దాని మీదే తల పెడతా.